మూడు బావుల ఊరు

తుమ్మకుంటపల్లి,
12 జూలై 1968

చిరంజీవి భీముడికి అక్కయ్య ఆశీస్సులు.

నీ కార్డు అందింది. నేను హాయిగా ఉన్నాను, ముందు ఆ సంగతి నమ్ము. ఈ ఊరి బడికి వచ్చి ఏడాది కావస్తున్నా నువ్వింకా ప్రతి ఉత్తరంలోనూ "ఆ రాళ్ళ మధ్య ఒక్కదానివీ ఎలా ఉంటున్నావు" అని అడుగుతూనే ఉన్నావు. రాళ్ళు నన్నేమీ అనడం లేదు. పిల్లలు ముప్ఫై ఒక్కమంది ఉన్నారు, వాళ్ళలో పద్దెనిమిది మంది రోజూ వస్తారు. మీ బావగారు పోయాక పద్నాలుగేళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో వెనక గదిలో బతికాను. ఇప్పుడు నా ఇంటికి తాళం ఉంది, ఆ తాళంచెవి నా బొడ్లో ఉంది. నన్ను బదిలీ చేయించి మీ రెండు గదుల్లో ఇరికించాలనే ఆలోచన ఉంటే మానుకో. మరదలు కనకలక్ష్మి మంచిదే, కానీ ఆమె మంచితనాన్ని పరీక్షించడం నాకిష్టం లేదు.

నీళ్ళకి ఇబ్బందేమో అన్నావు. కాలవ గట్టున పుట్టినవాళ్ళం కనుక నీకు ఆ బెంగ సహజమే. పొద్దున్నే రెండు బిందెలు నా గుమ్మంలోకే వస్తాయి. ఇంక ఆ సంగతి అడగకు.

అసలు విషయం వేరే. మీ ఆఫీసు నుంచి మా పంచాయతీకి ఒక ఫారం వచ్చింది. ఊళ్ళో ఏయే పనులు జరుగుతున్నాయో పక్షానికొకసారి రాసి పంపమన్నారు. పని పేరు ఒక గడిలో, "అయినది" ఒక గడిలో, "కానిది" ఒక గడిలో. సర్పంచి ఎల్లేశం గారికి చదువు లేదు. నన్ను పిలిచి, "పంతులమ్మా, నేను చెప్త, నువ్వు రాయి, నేను వేలు పెడత" అన్నారు. అలా నేను కొలువులో చేరాను. ఇక నుంచి మా ఊరి నివేదిక నా దస్తూరితోనే నీ బల్ల మీదికి వస్తుంది. గౌరవంగా చదువు.

నీ అక్కయ్య,
పుణ్యవతి

---

నారాయణగూడ, హైదరాబాద్,
20 ఆగస్టు 1968

అక్కయ్యకి భీమేశ్వరరావు నమస్కారాలు.

నీ నివేదికలు మూడూ చేరాయి. అంత అందమైన దస్తూరి మా ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చూడలేదని మా సూపరింటెండెంటు రామబ్రహ్మం గారు అన్నారు. మా అక్కయ్య అని చెప్పుకోబోయి ఊరుకున్నాను, బంధుప్రీతి అంటారని.

నా పని ఏమిటో నీకు సరిగ్గా చెప్పలేదు. పట్నం పడమటికి పెరుగుతోంది. అటువైపు ఎనిమిది పంచాయతీల్లో ఏం జరుగుతోందో మా మునిసిపల్ కౌన్సిల్ సభ్యులకు ఎప్పటికప్పుడు తెలియాలని తీర్మానం చేశారు. మీరంతా పంపిన కాగితాలు చదివి, కుదించి, రెండు పేజీల సమాచార పత్రం తయారుచేసి, సైక్లోస్టైల్ తీయించి ప్రతి సభ్యుడి ముందూ పెట్టేవాణ్ణి నేను. కొందరు దానితో విసురుకుంటారు. కానీ చదివేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతోనే వచ్చింది చిక్కు.

జూలై మొదటి పక్షంలో "మంచినీటి బావి: అయినది" అని రాశావు. రెండో పక్షంలోనూ "మంచినీటి బావి: అయినది" అని ఉంది. ఇది ఆ బావేనా, ఇంకొకటా? మొదటిదే అయితే రెండుసార్లు ఎలా అవుతుంది? రెండోదైతే పదిహేను రోజుల్లో ఆ రాతినేలలో ఎలా తవ్వారు? ఒక సభ్యుడు నన్ను నిలబెట్టి అడిగాడు. నాకేమీ తోచక "విచారిస్తానండి" అన్నాను. ఇదే ఆ విచారణ. కాస్త వివరంగా రాయి.

కనకలక్ష్మి ఆవకాయ పంపమంటావా అని అడుగుతోంది.

భీమేశ్వరరావు

---

తుమ్మకుంటపల్లి,
15 సెప్టెంబర్ 1968

భీముడికి అక్కయ్య ఆశీస్సులు.

ఆవకాయ పంపించు, అడగడమెందుకు.

బావుల సంగతి. రెండోది రెండోదే. మొదటి చోటు కుదరక వేరేచోటికి వెళ్ళారు. మొన్న గురువారం మూడోది కూడా అయింది, ఆ కాగితం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. ఎల్లేశం గారు "అయినది" గడిలో రాయమన్నారు, రాశాను. నాకూ ఒకసారి కలం ఆగింది. కానీ ఆయన పెద్దమనిషి, ఊరు ఆయన మాట మీద నడుస్తుంది. ఒక్కదాన్నీ ఈ ఊళ్ళో ఉంటున్నానంటే అందులో ఆయన చలవ కూడా ఉంది. నేను చెప్పింది రాసేదాన్ని, నువ్వు వచ్చింది చేరవేసేవాడివి. మధ్యలో ఇద్దరికీ తలనొప్పి ఎందుకు?

నేను క్షేమం. నీళ్ళు గుమ్మంలోకే వస్తున్నాయి. నీ పిల్లలకి ఎక్కాలు వచ్చాయా?

పుణ్యవతి

---

నారాయణగూడ,
22 అక్టోబర్ 1968

అక్కయ్యకి నమస్కారాలు.

నాకు పిచ్చెక్కుతుందేమో అనిపించిన పక్షం ఇది. ఒక పంచాయతీ వాళ్ళు కూలిపోయిన బడి గోడను "అయినది" గడిలో రాశారు. కూలడం అయినదట. ఇంకొకరు ఏ గడిలోనూ ఏమీ రాయకుండా ఫారం అడుగున 'నివేదిక పంపుతున్నందుకు సంతోషిస్తున్నాము' అని రాశారు. వీటిలోంచి కౌన్సిల్‌కు ఏం తెలియజెయ్యాలో నాకే తెలియడం లేదు. మొత్తానికి మీ ఊరి చిక్కు మాత్రం విప్పేశాను.

సంగతేమిటంటే, మీ దారిలోంచి పట్నానికి పెద్ద నీళ్ళ పైపు వస్తోంది. దారిలో ఉన్న ఊళ్ళకు దాని నుంచి అయిదు నల్లాలు ఇవ్వాలని కౌన్సిల్ అనుకుంది. ఊళ్ళు ఎనిమిది. ఎవరికి నీళ్ళు లేవో వాళ్ళకి ఇవ్వాలి. అది నా సమాచార పత్రం చూసి నిర్ణయిస్తారు. నేను చేరవేసిన కాగితం చూసి ఇంత పెద్ద నిర్ణయం జరగడం ఇదే మొదటిసారి.

మీ ఊరికి మూడు బావులని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పుడు నీ ఉత్తరాలు తీశాను. "రెండు బిందెలు నా గుమ్మంలోకే వస్తాయి" అని జూలైలో రాశావు, సెప్టెంబర్లోనూ అదే రాశావు. పంచాయతీ వాళ్ళు గొప్పకి రాస్తారేమో గానీ, మా అక్కయ్య నాకు అబద్ధం రాయదు. వెంటనే "విచారించి నిర్ధారించడమైనది" అని రాసి సంతకం పెట్టేశాను. మొన్న పదిహేడున జాబితా ఖాయమైంది. మీ ఊరు అందులో లేదు. నీళ్ళున్న ఊరికి నల్లా ఎందుకు, లేనివాళ్ళకే పోనీ. నీకూ సంతోషమే అనుకుంటాను.

భీమేశ్వరరావు

---

తుమ్మకుంటపల్లి,
30 అక్టోబర్ 1968

భీమూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బడి వదిలేసి ఇంటికి వచ్చి మళ్ళీ చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఈ ఊళ్ళో బావి లేదు. ఒక్కటీ లేదు.

ఇక్కడొక ఆనవాయితీ ఉంది. ఏదైనా పనికి కొబ్బరికాయ కొట్టాక, అది కాలేదని ఎవరూ అనకూడదు. అంటే పని నిజంగానే ఆగిపోతుందని వీళ్ళ నమ్మకం. తవ్వకం మొదలైన రోజు నుంచీ అది బావే. జూలైలో మొదటి చోట కాయ కొట్టారు, అయిదడుగులకి బండ తగిలింది. రెండో చోట కొట్టారు, అక్కడ నాలుగడుగులకే. మూడోదీ అంతే. కొట్టిన ప్రతి కాయా నీ దగ్గరికి బావిగా వచ్చింది. "కానిది గడిలో రాద్దామండీ" అని నేను మొదట్లోనే అన్నాను. ఎల్లేశం గారు చెవులు మూసుకున్నంత పనిచేసి, "కాయ కొట్టినంక గట్ల అనొద్దు పంతులమ్మా, గంగమ్మ వింటది" అన్నారు. మరి నేను పట్టుబట్టలేదు. నీ కాగితం మీద నల్లాలు ఆధారపడతాయని నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.

అది ఆనవాయితీ. నాది ఆనవాయితీ కూడా కాదు. నా గుమ్మంలోకి నీళ్ళు వస్తున్నమాట నిజం. అవి ఎవరి తల మీద వస్తున్నాయో రాయలేదు. మా వీధి చివర చంద్రమ్మ అని ఉంది, దాని కొడుకు నా దగ్గర మూడో తరగతి. గోపన్‌పల్లి బావి నుంచి తన ఇంటికి రెండు బిందెలు, నాకు రెండు బిందెలు మోసుకొస్తుంది. పోను రెండు మైళ్ళు, రాను రెండు మైళ్ళు, రోజుకి రెండుసార్లు. వద్దంటే వినలేదు. "నా పోరనికి నువ్వు సదువు చెప్తలేవా" అంటుంది. ఈ సంగతి రాస్తే నువ్వు మర్నాడే వచ్చి నా పెట్టె సర్దించేవాడివి. నా తాళంచెవి కోసం దాచాను.

పోయిన శనివారం బండల మీద చంద్రమ్మ కాలు జారింది. పిక్క ఎముక విరిగింది. లింగంపల్లి దాకా బండిలో తీసుకెళ్ళి రైలెక్కించి పట్నం దవాఖానాలో కట్టు కట్టించారు. అప్పుడు తన పక్కన పడిన బిందె నాదే.

ఇప్పుడేం చెయ్యాలిరా? జాబితా మారుతుందా?

అక్కయ్య

---

నారాయణగూడ,
6 నవంబర్ 1968

అక్కయ్యకి,

నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియక రెండు రోజులు కనకలక్ష్మి మీద చూపించాను. ఆమె "మీ అక్కయ్యకి రాసుకోండి" అంది.

నువ్వు పంపిన నివేదికా, నువ్వు రాసిన ఉత్తరమూ రెండూ నా ముందు పక్కపక్కన ఉన్నాయి. రెండూ నీ అక్షరాలే. నివేదిక తప్పేమో అని ఉత్తరం చూశాను, ఉత్తరమూ అదే చెప్పింది. ఇప్పుడు రెండూ అబద్ధమని మూడో ఉత్తరం చెబుతోంది. ఏది నమ్మాలో చెప్పు. చంద్రమ్మ కాలు విరగడం నిజమేనా అని ఒక్క క్షణం అనుమానించాను. అలా అనుమానించేలా చేసినందుకు నిన్ను క్షమించడం కష్టంగా ఉంది.

ఇప్పుడు జాబితా కదిలించాలంటే నేను లేచి నా పత్రం తప్పని చెప్పాలి. ఎందుకు తప్పిందని అడుగుతారు. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ రాయను. సంతకం పెట్టకముందు రామబ్రహ్మం గారు నన్ను పిలిచి, "ఒకసారి ఆ ఊరు వెళ్ళి కళ్ళతో చూసి రావయ్యా" అన్నారు. చూసొచ్చానని చెప్పాను. వెళ్ళలేదు. రైలు దిగాక రెండు గంటల నడక, ఆరోజు వాన, పైగా అక్కయ్య ఉత్తరం చేతిలో ఉంది కదా అనుకున్నాను. "విచారించి నిర్ధారించడమైనది" అన్నది ఆ వానకి భయపడి రాసిన మాట. ఇది బయటపడితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

వచ్చే ఏడాది ఇంకో జాబితా వేస్తారంటున్నారు. అప్పటిదాకా ఊరుకుందాం. నీ బదిలీకి మాత్రం దరఖాస్తు పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను. ఇక్కడ కుళాయి ఉంది.

భీమేశ్వరరావు

---

తుమ్మకుంటపల్లి,
14 నవంబర్ 1968

భీమూ,

నీ కోపం న్యాయమైనదే. ఇద్దరం ఒకే అమ్మ పిల్లలం అని ఈ ఉత్తరం చూశాక బాగా తెలిసింది. నేను గడప కోసం దాచాను, నువ్వు వానకి భయపడి దాచావు. నిన్ను తిట్టే అర్హత నాకు లేదు.

ఊరుకుందాం అన్నావు. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. సోమవారం చంద్రమ్మని చూడటానికి వెళ్ళాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. దాని కూతురు, తొమ్మిదేళ్ళది, నెత్తి మీద బిందెతో అప్పుడే లోపలికి వచ్చింది. ఆ పిల్ల రెండు వారాల నుంచీ బడికి రావడం లేదు. నేను హాజరు పట్టీలో రాకపోవడం రాశానే గానీ ఎందుకని అడగలేదు. నల్లా సంగతి, నా ఉత్తరాల సంగతి అంతా చంద్రమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కూతురి తడిసిన జుట్టు కొంగుతో తుడిచింది. తర్వాత, "తెల్వకనే రాసినవమ్మ. ఇగ తెలిసింది గదా" అంది. అంతే.

ఆ రాత్రే పంచాయతీ కూడింది. ఫారం తీసి, పని పేరు గడిలో మంచినీటి బావి అని రాసి, దీన్ని కానిది గడిలో రాస్తానని చెప్పాను. ఊరు గోలగోల అయింది. కొందరు అపశకునం అన్నారు, కొందరు రాయమన్నారు, ఒక ముసలాయన అసలు ఆ గడిని పెట్టిన వాడెవడని అడిగాడు. ఎల్లేశం గారు అందరి మాటా విన్నారు. అప్పుడు నేను, "నల్లా మనకి రాలేదు, ఎందుకంటే మనకి మూడు బావులున్నాయని నేను రాశాను" అన్నాను. ఆయనకి అది అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"నోటితోని నేను అననమ్మా. నువ్వు రాయి, వేలు పెడత," అన్నారు.

వేలు పెట్టారు. ఆ కాగితం దీనితో పాటే పంపుతున్నాను. నివేదికలో ఉన్నదీ ఉత్తరంలో ఉన్నదీ ఈసారి ఒకటే. దాన్ని కౌన్సిల్ ముందు పెట్టడం, సొరుగులో పెట్టడం నీ ఇష్టం. పెట్టమని నేను అడగను. నీ పిల్లల ముఖాలు నాకు కనబడుతున్నాయి. పెట్టకపోతే చంద్రమ్మ కూతురి ముఖం కనబడుతుంది. అందుకే నీ మీదికి తోసేశాను, పెద్దదాన్నయ్యుండి.

బదిలీకి దరఖాస్తు పెట్టను. నా బిందెలు ఇప్పుడు నేనే మోసుకుంటున్నాను. గోపన్‌పల్లి నుంచి వచ్చేసరికి సగం నీళ్ళు నా చీర మీదే ఉంటాయి. ఊళ్ళో ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వుకుంటున్నారు.

అక్కయ్య

---

నారాయణగూడ,
14 డిసెంబర్ 1968

అక్కయ్యకి నమస్కారాలు.

ఆదివారం మీ ఊరు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ నా మెడ ఎడమవైపు తిరగడం లేదు. గోపన్‌పల్లి నుంచి నీళ్ళు మోసుకొస్తూ నేను బిందె పడేసినప్పుడు మీ ఊరి పిల్లలు చప్పట్లు కొట్టిన సంగతి ఇంట్లో చెప్పలేదు, నువ్వూ రాయకు. మూడు గుంటలూ చూశాను. మూడో దానిలో మేక పిల్ల నిద్రపోతోంది.

ఆ మర్నాడే, సోమవారం, కౌన్సిల్ కూడింది. పొద్దున్నే రామబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళి, అక్టోబర్లో నేను ఆ ఊరు వెళ్ళలేదని చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కౌన్సిల్ ముందు నువ్వే చెప్పు, నేను చెబితే సాకులా ఉంటుంది" అన్నారు.

ఎల్లేశం గారి వేలిముద్ర ఉన్న కాగితం చదివి, నా పాత పత్రం తప్పని చెప్పాను. బావుల గురించి మొదట అడిగిన ఆ సభ్యుడే లేచాడు. "మొన్న ఇదే సంతకంతో మూడు బావులన్నారు. నేడు ఇదే సంతకంతో ఒక్కటీ లేదంటున్నారు. మేము దేన్ని నమ్మాలి?" అన్నాడు. ఏది నమ్మాలో చెప్పమని నేను నీకు రాసిన ప్రశ్నే అది. నేను నిన్ను అడిగినప్పుడు నీకెలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"మొదటిది కూర్చుని రాశానండి. ఇది మోసి రాశానండి," అన్నాను.

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. గంటసేపు ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకున్నారు. ఒక ఊరి పేరు కొట్టేద్దామన్నారు, అసలు జాబితా అంతా మళ్ళీ చేద్దామన్నారు, సమాచార పత్రమే రద్దు చేద్దామని ఒకాయన అన్నాడు. చివరికి ఎవరి పేరూ కొట్టకుండా ఆరో నల్లా చేర్చారు. మీ ఊరిది. ఎప్పటికి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను.

ఉద్యోగం పోలేదు. మెమో ఇచ్చారు, ఆ సీటు నుంచి తీసేసి జనన మరణాల విభాగానికి పంపారు. అక్కడ కానిది అనే గడి లేదు. ఆఫీసులో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. కనకలక్ష్మి మాత్రం ఆ రాత్రి నా మెడకి ఆముదం రాసింది.

నీ తాళంచెవి జోలికి ఇంక రాను.

భీమేశ్వరరావు

---

తుమ్మకుంటపల్లి,
5 జనవరి 1969

చిరంజీవి భీముడికి అక్కయ్య ఆశీస్సులు.

ఉత్తరం మొదట్లో క్షేమమని రాయడం అలవాటు. ఈసారి రాయను. నాలుగు రోజులుగా జలుబు, మెడ నొప్పి, అరచేతుల్లో కాయలు. సగం బిందెకి మించి తేలేకపోతున్నాను, అందుకని స్నానం రోజు విడిచి రోజు చేస్తున్నాను. రాత్రిళ్ళు ఒక్కోసారి భయం వేస్తుంది, అప్పుడు కాలవ చప్పుడు గుర్తు చేసుకుంటాను. ఇవన్నీ నిజాలు. చదివి రైలెక్కి రాకు. చదివి ఊరుకో, నాకదే చాలు.

చంద్రమ్మ కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తోంది. కాలు కొంచెం వంకర ఉండిపోతుందన్నారు. దాని కూతుర్ని మధ్యాహ్నాలు బడికి పంపిస్తోంది, పొద్దున పూట బిందెలు తప్పడం లేదు.

గురువారం పైపుల వాళ్ళు వచ్చారు. చావిడి ముందు సున్నంతో ఒక గుండ్రటి గీత గీసి, ఇక్కడే నల్లా అని చెప్పి వెళ్ళిపోయారు. ఊరంతా ఆ గీత చుట్టూ చేరింది. ఎవరో పరిగెత్తుకెళ్ళి కొబ్బరికాయ తెచ్చి ఎల్లేశం గారి చేతిలో పెట్టారు. ఆయన కాయని చేతిలో అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నా వైపు చూశారు.

"నీళ్ళు రానీ, అప్పుడు కొడ్దం," అన్నారు.

ఆ కాయ ఇప్పుడు బడి బీరువాలో ఉంది. దానికి తాళం వేశాను.

ఈ పక్షం నివేదిక నీ సీట్లోకి వచ్చిన కొత్తాయనకి పంపాను. నీకు తెలియాలని ఇక్కడా రాస్తున్నాను. పని పేరు: నల్లా. కానిది. ఎల్లేశం గారు ఈసారి వేలు పెట్టే ముందు ఆ గడి ఏదో చూపించమన్నారు, చూపిస్తే సరిగ్గా దాని పక్కనే పెట్టారు.

అక్కయ్య,
పుణ్యవతి